ట్రీలో దాచేసిన వరస

బరంపురంలో ఒక చిన్న నర్సింగ్ హోముకి రికార్డుల ప్రోగ్రాం రాసింది నేనే. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. మొదలుపెట్టింది ఇద్దరం. రెండో అతను మధ్యలో భువనేశ్వర్ వెళ్లిపోయాడు, పనంతా నా మీద పడింది.

తెరకి ఎడమవైపు ట్రీ వ్యూ ఉండేది. రోగి పేరు నొక్కితే దాని కింద ఆ మనిషివన్నీ కొమ్మల్లా తెరుచుకోవాలి: డాక్టరు చూసిన రోజులు, రక్తపరీక్షలు, ఎక్స్‌రేలు, అడ్మిషన్లు. ఇవన్నీ ఒక రకానివి కావు. అన్నింటినీ ఒకే జాబితాలో కలిపి ట్రీకి ఇవ్వాలి, ఏ రకం వస్తే ఏం చూపించాలో దేనికి దానికి టెంప్లేట్ రాయాలి. రాయకపోతే ఆ చోట ప్రోగ్రాం లోపలి పేరు, చుక్కలతో పొడుగాటి ఇంగ్లీషు మాట, కనిపిస్తుంది.

మొదట్లో అలాంటి వరసలు రెండు మూడు ఉండేవి. పెద్ద డాక్టరు గారు చూసి మొహం చిట్లించారు.

"ఇదేటమ్మా ఈ సెత్త? తీసెయ్."

టెంప్లేట్ లేని రకం ఏదొచ్చినా కనపడకుండా దాచేలా ఆ రోజే రాసేశాను. తీరిగ్గా సరిచేద్దామనుకున్నాను. ఆ తీరిక రాలేదు.

ఆరు నెలల తర్వాత బయటి ల్యాబుల రిపోర్టులు కూడా ఎక్కించమన్నారు. వాటికి కొత్త రకం కట్టి జాబితాలో కలిపాను. టెంప్లేట్ మరిచిపోయాను. గుర్తుచేయాల్సిన ఆ వికారపు మాటని నేనే మాయం చేశాను కదా. చాలామంది రిపోర్టులు కాగితం మీద కూడా వచ్చేవి కాబట్టి లోపం బయటపడలేదు.

హుమ్మ దగ్గర ఉప్పుమళ్లలో పనిచేసే ఒకావిడకి మెడ మీద గడ్డ లేచింది. ముక్క తీసి పరీక్షకి బయటి ల్యాబుకి పంపారు. ఆవిడ రిపోర్టు కంప్యూటర్లోకి మాత్రమే వచ్చింది. భర్త రెండుసార్లు వచ్చి అడిగాడు. రికార్డుల గుమస్తా రెండుసార్లూ ట్రీ తెరిచి చూసి, ఇంకా రాలేదని పంపేశాడు. మూడోసారి ల్యాబుకి ఫోన్ చేశాడు, తర్వాత నాకు.

"ఒకపాలి రా అమ్మా. పంపీసి రెండు నెల్లయిందని ఆల్లంతన్నారు. ఇక్కడేటీ అగుపడట్నేదు."

వెళ్లి డేటాబేస్ తెరిచాను. రిపోర్టు ఉంది. ఐదు లైన్ల టెంప్లేట్ రాయగానే ఆవిడ పేరు కింద ఆ వరస వచ్చి కూర్చుంది. చదవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. క్యాన్సర్ అని ఉంది.

ఆవిడ భర్త వరండాలో బల్ల మీద కూర్చున్నాడు, అరికాళ్లు ఉప్పుకి తెల్లగా పగిలి ఉన్నాయి. నన్ను చూసి లేచాడు.

"దొరికిందా అమ్మా?"

"దొరికింది బాబాయ్. రెండు నెలలుగా లోపలే ఉంది. కనపడకుండా దాచింది నేనే."

"దాసీసినారా? ఎందుకూ?"

"చూడ్డానికి బాగోలేదని."

ఆయనకి అర్థం కాలేదు. "ఇప్పుడు డాట్రుగారు సూత్తారా?" అని మాత్రం అడిగాడు.

వారంలో ఆపరేషన్ చేశారు. ఆవిడ బతికింది, గొంతు పోయింది. ఆ రెండు నెలల వల్లనేనా అని డాక్టరు గారిని అడిగాను.

"సెప్పలేమమ్మా" అన్నారు. అవునన్నా కాదన్నా దాన్ని మోయగలిగేదాన్నేమో.

చలికాలంలో హుమ్మ వెళ్లాను. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. నేనెవరో భర్త చెప్పాడు. తలెత్తి చూసింది, పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఏమన్నదని ఆయన్ని అడిగాను.

"తెల్దమ్మా. నాకూ అన్నీ తెలవవు" అన్నాడు.

ఆవిడ మళ్లీ చేపలు ఏరుకోవడంలో పడింది. బస్సు వేళయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.