బండ దగ్గర ఎడమకు

పన్నెండేళ్ల తర్వాత, మాదాపూర్‌లోని నా పాత ఆఫీసు వీధికి మా అమ్మాయిని ఆటోలో ఇంటర్వ్యూకి తీసుకెళ్లాను.

"మ్యాప్ ఎందుకే? పెద్ద బండ దగ్గర ఎడమకు తిరగడమే" అన్నాను.

ఎంత తిరిగినా బండ కనిపించలేదు. ఇంటర్వ్యూకి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. "ఇది ఆ వీధే కాదు!" అని ఆటో అతనితో గొడవకు దిగాను. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క గేటులోంచి సెక్యూరిటీ అతను నవ్వుతూ వచ్చాడు. "నమస్తే మేడం! పాత ఆఫీసుల లిఫ్ట్ కాడ నాతోని రోజూ కొట్లాడేది మీరే కదా? గొంతు విని గుర్తుపట్టిన. బండ పగలగొట్టి గీ బిల్డింగే కట్టిన్రు. ఇయ్యాల ఇంటర్వ్యూలు గీడనే, పాప పోవాల్సింది గిదే."

అమ్మాయి లోపలికి పరుగెత్తింది.

"ఇగ ఏమంటరమ్మా?" అన్నాడు ఆటో అతను.

తొమ్మిదేళ్లు నడిచిన వీధిలో నా నోరు తప్ప ఇంకే గుర్తూ మిగల్లేదు.