కాలరు కింద ఎర్ర కుట్టు

టైలరు గారి భార్య కుట్టిన కాజా చిరగదు, గుండీ ఊడదు. ఆ సంగతి ఆవిడకి బాగా తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే. ముందుగదిలో ఆయన మిషను, వెనకగదిలో ఈవిడ సూది. మధ్య గుమ్మంలోంచి చొక్కాలు వచ్చి పడతాయి, గుండీలు కుట్టించుకుని తిరిగి వెళ్తాయి. "అయిందా?" అని ఆయన, "ఆఁ" అని ఈవిడ. పద్దెనిమిదేళ్ల కాపురంలో మాటలకంటే చొక్కాలే ఎక్కువ. ఒక మధ్యాహ్నం ఎంతకీ పొద్దుపోక, విసుగెత్తి, ఓ చొక్కా కాలరు మడత కింద ఎర్రదారంతో చిన్న కుట్టు వేసింది. అది మొదలు ఊళ్లోవాళ్ల చొక్కా ఒక్కటీ వదల్లేదు. ఇప్పుడు సాయంత్రాలు కిటికీ దగ్గర నడుం నిటారుగా పెట్టి కూర్చుంటుంది. హెడ్మాస్టరు, బస్సు కండక్టరు, ఎవరినీ లెక్కచెయ్యని లాయరు, అందరూ తన కుట్టుని మెడమీద మోసుకుపోతుంటే నవ్వు బిగబట్టుకుంటుంది.

నిన్న ఎవరిదో చొక్కా కాలరు మార్చబోతూ టైలరు ఆ కుట్టు చూశాడు. ఇంకోటి తిప్పాడు, మరోటి తిప్పాడు. అన్నిటికీ ఉంది. చివరికి ఒంటిమీది చొక్కా విప్పి, కాలరంతా వెతికి, బనీనుతోనే వెనకగది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఊరందరికీ వేశావు. నాకు లేదేం?"

ఆవిడ దారం పంటితో కొరికి, తలెత్తకుండానే అంది: "ఇన్నాళ్లకి అడిగారు. ఆ దొంతరమీద పెట్టండి. వరసలో వస్తుంది."