తారు కింద పుట్టుమచ్చ

క్లారీ నూనన్ వీపు మీది పుట్టుమచ్చ నాకు బాగా తెలుసు. దొంగచూపులు చూశాననుకునేరు! క్వీన్స్‌లాండ్ పడమటి ఎండల్లో గొర్రెల బొచ్చు కత్తిరించే మగాళ్ళంతా చేతుల్లేని బనీన్లతోనే తిరుగుతారు. ఏటా కత్తిరింపుల కాలానికి తెరిచే షెడ్డులో నేను వంటమనిషిని. పొద్దున్నే మాంసం ముక్కలు వేయిస్తూ కిటికీలోంచి చూస్తే, తొట్టి దగ్గర మొహాలు కడుక్కునేవాళ్ళ వీపులన్నీ వరసగా కనిపించేవి. క్లారీకి ఎడమ భుజం వెనక కందిగింజంత గోధుమరంగు మచ్చ ఉండేది. గుండ్రంగా, బుద్ధిగా ఉండేది.

ఎంత మంచి రోజులవి! కత్తెరల మోటారు ఆగగానే నా వంట మీద తిట్లు మొదలయ్యేవి.

"డల్సీ, ఈ రొట్టెతో గోడ కట్టొచ్చే!" అనేవాడు క్లారీ.

"కట్టు. నిన్ను దాని వెనకే పూడ్చేస్తా."

అందరికన్నా ఎక్కువ రొట్టె తినేదీ అతనే.

ఆ షెడ్డులో అన్నిటికీ మందు ఒక్కటే, తారు. కత్తెర జారి గొర్రెకు చర్మం తెగితే "తారూ!" అని కేక పడేది. ఎవరో ఒకరు డబ్బా తెచ్చి ఇంత పూసేవారు. ఇక గాయం మీద ఈగ వాలదు. మనుషులకూ అదే వైద్యం. ఒక ఏడాది క్లారీ మచ్చ ఉండాల్సిన చోట తారు పట్టు కనిపించింది.

"ఏమైందయ్యా?"

"బనీను పట్టీ ఒరుసుకుని మచ్చ ఎర్రబడిందిలే. ఒకటే దురద. తారేశా."

మరుసటి ఏడాది వచ్చాడు. అప్పుడూ తారే. నాకు ఒళ్ళు మండింది. ఒరుసుకున్నదైతే ఈపాటికి మానొద్దూ?

"డాక్టరు దగ్గరికి పో."

"కత్తిరింపు అయిపోనీ. గొర్రెకి మానేది నాకు మానదా?"

"గొర్రెకి చర్మం తెగితే పూస్తారు. నీకేం తెగింది, గొర్రెమొహమా?"

ఆదివారం బెంచీ మీద బలవంతాన కూర్చోబెట్టి, చల్లారిన మాంసపు కొవ్వు గుడ్డకు అద్ది ఆ తారు తుడిచాను. "డల్సీ క్లారీని వేపుతోంది రోయ్!" అని చుట్టూ ఒకటే నవ్వులు. తారు వదిలేసరికి నవ్వులు ఆగిపోయాయి. నేనెరిగిన కందిగింజ లేదు. అంచులు వంకరటింకరగా పాకాయి. ఒక పక్క గోధుమ రంగు, ఒక పక్క బొగ్గు నలుపు, మధ్యలో నెత్తుటి చెమ్మ. నలుపు మీద నలుపు పూసి, మారుతున్నది ఎవరి కంటా పడకుండా తనే కప్పెట్టుకున్నాడు పిచ్చిమారాజు.

"ఎలా ఉంది?" అన్నాడు.

"బండెక్కు. రేపు డాక్టరు తలుపు తీసేసరికి మనం గుమ్మంలో ఉండాలి."

"పని పోతుందే..."

"మళ్ళీ నా చేతి తిండి తినాలనుంటే ఎక్కు!"

ఎక్కాడు.

డాక్టరు మచ్చను కోసి తీసేసి పరీక్షకు పంపాడు. క్యాన్సరే. లోతుకు దిగకముందే దొరికిందన్నాడు. "రాపిడికి ఎర్రబడితే కొద్దిరోజుల్లో తగ్గిపోవాలి. తగ్గకపోయినా, మచ్చ పెరిగినా, రంగో అంచో మారినా, రక్తం కారినా వెంటనే రావాలి. దాని మీద ఏదీ పూయకూడదు" అని క్లారీకి చెబుతూ నాకేసి చూశాడు. వినేదెవరో ఆయనకు అర్థమైపోయింది.

అప్పట్నుంచి ఏటా షెడ్డు తెరిచాక మొదటి ఆదివారం క్లారీ బనీను పైకెత్తి నా ముందు కూర్చునేవాడు. చూడటం అయ్యాక "ఇప్పుడు నీ వంతు" అని నా మెడా, భుజాలూ, పిక్కలూ పరకాయించి చూసేవాడు. మా మధ్య పెళ్ళీ లేదు, గిళ్ళీ లేదు. ఒకరి వీపు ఒకరం చూసుకునేవాళ్ళం, అంతే. జనం ఏమనుకున్నారో నాకు తెలుసు. అనుకోనీ.

క్లారీ బాగా ముసలివాడయ్యాకే, నిద్రలో పోయాడు. ఇప్పుడు ఏటా నేనే టౌనుకు వెళ్ళి చూపించుకుంటున్నాను. మొన్న డాక్టరమ్మ ఒళ్ళంతా చూసి, "వీపు మీద ఏదైనా మారితే కనిపెట్టడానికి ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

"ఉండేవాడు" అన్నాను.