కుప్పంలో మ్యాట్ ఎత్తిన రోజు

"పరిసేముందు నేలంతా అరిచేత్తో తడిమి సూడు మే. సన్నరాయి కంటికి కనపడదు."

"తడుముతాలే. ముందు ఈ గంజి తాగు."

మా ఆయన చెంగల్రాయుడూ నేనూ మాట్లాడుకున్న చివరి మాటలు ఇవే. మదనపల్లె ఆసుపత్రిలో మంచం పట్టి కూడా ఆయనకు బడి క్రికెట్ మ్యాట్ మీదే ధ్యాస. అక్కడి ఒక హైస్కూల్లో ఆయన గ్రౌండ్ పని చూసే అటెండరు, ఆయనకు సాయంగా నేనూ మ్యాట్ పరిచేదాన్ని. ఆయన పోయాక, తొంభై ఏడులో, కారుణ్య నియామకం కింద ఆ పని నాకిచ్చారు. ప్రొబేషను పూర్తయ్యేదాకా ఉద్యోగం ఖాయం కాదనీ, ఈ లోపల ఒక్క మచ్చ పడినా తీసేస్తారనీ హెడ్మాస్టరు గారు ముందే చెప్పారు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. నేను నా యాసలో చెబుతుంటే మా తమ్ముడి కూతురు సుజాత దీన్ని బడి తెలుగులోకి మార్చి రాస్తోంది.

పని సంగతి కొంచెం చెప్పాలి. మా వైపు నేలలో పచ్చిక పిచ్ నిలవదు. అందుకని గట్టి నేల మీద కొబ్బరిపీచు చాప పరిచి దాని మీద ఆడేవాళ్ళు. దాన్నే మ్యాట్ అంటారు. ముందు నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, రోలరు లాగాలి. తర్వాత అరచేత్తో తడమాలి. అప్పుడు చాప పరిచి, ఇద్దరు రెండు కొసలా పట్టి లాగుతుంటే అంచుల్లోని ఇనుప రింగుల్లోంచి మేకులు దిగగొట్టాలి. చాప వదులుగా ఉంటే బంతి ఒకసారి మోకాలి కిందే పోతుంది, ఒకసారి మొహం మీదికి లేస్తుంది. ఆఖరున సున్నం నీళ్ళతో గీతలు గీయాలి. ఇంత చేశాక కూడా ఎవరూ మనవైపు చూడరు. మ్యాట్ బాగుంటే అది ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

ఆ ఏడాది బడుల మధ్య పోటీలు మొదట మదనపల్లెలో, తర్వాత పుంగనూరులో, ఫైనలు కుప్పంలో పెట్టారు. చుట్టుపక్కల బడుల్లో మంచి మ్యాట్ మాదొక్కటే. అది స్టాకు రిజిస్టర్లో ఉన్న ప్రభుత్వ ఆస్తి కాబట్టి ఎక్కడికి పోయినా దాని వెంట అటెండరు పోవాలి. మ్యాట్ బస్సు టాపు మీద, నేను బస్సు లోపల. పిల్లలు నాకు మ్యాటాయమ్మ అని పేరు పెట్టారు.

పుంగనూరులో మమ్మల్ని గెలిపించింది రెడ్డెప్ప. నిమ్మనపల్లె పిల్లవాడు, పదో తరగతి. బ్యాటు పడితే కదలకుండా నిలబడతాడని మా డ్రిల్ మాస్టరు మునిరత్నం సారుకు వాడంటే ప్రాణం. వాడి నాయన వెంకటరమణప్ప లారీ డ్రైవరు, మార్కెట్ యార్డు నుంచి తమిళనాడుకు టమోటాలు తోలేవాడు. ఫైనలు రోజు కోయంబత్తూరు లోడుతో పోతూ, కుప్పంలో గ్రౌండు పక్కనే లారీ ఆపి కొడుకు ఆట చూడ్డానికి వచ్చాడు.

నేను మేకులు కొడుతుంటే దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఏం మ్యాటాయమ్మా, నా బండి మిందనే ఏసింటే ఈ సాపకు లగేజీ టిక్కెట్టు తప్పేది కదా."

"నీ టమోటాల మింద ఏస్తే పిల్లోళ్ళు పులుసులో ఆడల్ల. పక్కకు జరుగప్పా, సుత్తి తగుల్తాది."

నవ్వుకుంటూ పక్కకు పోయాడు. మంచి మనిషి. ఆ మాట ఇప్పుడూ అంటాను.

ఆ రోజు నేలంతా రెండు సార్లు తడిమాను. గోరంత రాయి కూడా లేదు. కుప్పం పిల్లలు మొదట బ్యాటింగు చేశారు. బంతి ఒక్కటీ తప్పుగా లేవలేదు. తర్వాత భోజనాల విరామం. చిత్రాన్నం పొట్లాలు పంచడం కూడా నా పనే కాబట్టి మ్యాట్ వదిలి షెడ్డులోకి పోయాను.

విరామం అయ్యాక మావాళ్ళు బ్యాటింగుకు దిగారు. రెడ్డెప్ప మ్యాట్ ఒక చివర నిలబడ్డాడు. వాడు నిలబడిన చోటికి ముందు బంతి పడాల్సిన జాగా ఒకటుంటుంది, మునిరత్నం సారు దాన్ని గుడ్ లెంగ్త్ అనేవాడు. కుప్పం పిల్లవాడు వేసిన బంతి అక్కడే పడింది. అంతకుముందు అక్కడ పడిన బంతులు నడుము ఎత్తుకు వచ్చాయి. ఇది నిలువునా లేచింది. అప్పట్లో మా బడికి హెల్మెట్ లేదు. రెడ్డెప్ప చూస్తూనే ఉన్నాడు, వాడి కంటి మీదే పడింది. వాడు బ్యాటు మెల్లగా పక్కన పెట్టి, మ్యాట్ మీద కూర్చొని, రెండు చేతులతో మొహం మూసుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం కారి పీచులోకి ఇంకిపోయింది.

ఇంకో మాస్టరు వాణ్ణి జీపులో వేసుకొని ఆసుపత్రికి పరుగెత్తాడు. వెంకటరమణప్ప కూడా ఎక్కబోయాడు గానీ జీపులో చోటు లేదు. ఆయన వెనక్కి తిరిగి సూటిగా నా మీదికి వచ్చాడు.

"మేకు వదులుగా కొట్టింది ఈమె. మొగుడి కొలువని, సేతగానిదాని సేతికి సుత్తి ఇచ్చినారు. నా కొడుకు కన్ను తీసింది."

పోటీ నడిపే పెద్దలు చుట్టూ చేరారు. బంతి అట్లా లేవడానికి మ్యాట్ తప్ప కారణం లేదని అంపైరు అన్నాడు. రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలని మునిరత్నం సారు నాతో అన్నాడు. సంజాయిషీ అంటే ప్రొబేషనుకు మచ్చ అని నాకు తెలుసు. ఇద్దరు పిల్లలు కళ్ళ ముందర కనిపించారు.

"సార్, నేను తడిమినాను, బిగించినాను. అందరి ముందరా ఇప్పుడే ఎత్తుతా. తప్పుంటే ఈణ్ణించే ఇంటికి పోతా," అన్నాను.

మొదట మేకులు చూపించాను. రెండు చేతులతో లాగితే గానీ రాలేదు. ఒక్క రింగు దగ్గర, రెడ్డెప్ప నిలబడిన వైపు పక్క అంచున, మేకు వేలితోనే వచ్చింది. ఎవరో పీకి మళ్ళీ గుచ్చారు. అక్కడ చాప మడిచాను.

బంతి లేచిన చోటే, తడి నేల మీద ఒక నిమ్మచెక్క ఉంది. నిమ్మకాయను సగానికి కోసి కుంకుమ అద్దిన చెక్క. నలిగి, చీలి, గింజలు పక్కకు చిమ్మి ఉన్నాయి.

ఒక్కసారిగా గోల. చేతబడి అన్నారు. కుప్పం పిల్లలు భయపడి, మేం కాదు సార్, అమ్మతోడు మేం కాదు అని ఏడుపు మొదలుపెట్టారు. మునిరత్నం సారు వాళ్ళ మాస్టరు చొక్కా పట్టుకోబోయాడు. వెంకటరమణప్ప మాత్రం ఆ నిమ్మచెక్కనే చూస్తున్నాడు.

"వాళ్ళను ఇడ్సండి సార్," అన్నాడు. "నేనే పెట్టినా."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన నన్ను చూసి చెప్పాడు, నాకైనా అర్థమవుతుందన్నట్టు.

"బండి కదిలేముందు టైరు కింద పెడతాం కదమ్మా. దోవలో ఏ ఆపదా ఎదురు రాకుండా. బంతి వచ్చే దోవలో పెడితే వాడికేమీ కాదని... నువ్వు అన్నం పంచతాంటివి. మేకు మళ్ళా గుచ్చినా కదా, గట్టిగానే గుచ్చినా కదా."

అట్లా అంటూ నేల మీద కూలబడి, ఆ చెక్కను చేతిలోకి తీసుకొని, విడిపోయిన తొక్కను ఒకదానికొకటి అతికించబోయాడు. అంత పెద్ద మనిషి. అంతమంది చూస్తుండగా. ఒక నిమిషం ముందు దాకా నన్ను తిట్టినవాడు ఆయనే, నేను తప్పు చేయలేదని నిరూపించుకున్నదీ నేనే, అయినా నా చేతిలోని మేకు జారిపోయింది.

ఆట ఆపేశారు. రెడ్డెప్పను బెంగుళూరుకు తీసుకుపోయారు గానీ ఆ కంటికి చూపు రాలేదు. మునిరత్నం సారు తన నివేదికలో మ్యాట్ పరవడంలో లోపం లేదని రాశాడు. నా ప్రొబేషను పూర్తయింది, ఉద్యోగం ఖాయమైంది. వెంకటరమణప్ప ఆ తర్వాత కూడా లారీ తోలాడు. టైరు కింద నిమ్మకాయ లేకుండానే బండి తీసేవాడని యార్డులో హమాలీలు చెప్పారు. నన్ను ఎప్పుడు చూసినా లోడు తాళ్ళు సర్దుకుంటున్నట్టు అటు తిరిగేవాడు. రెడ్డెప్ప ఇప్పుడు అదే యార్డులో టమోటా మండీ చూసుకుంటున్నాడు. వాడు మాత్రం మాట్లాడతాడు.

ఆ సీజను తర్వాత నా పని పద్ధతి మారింది. మ్యాట్ పరిచాక ఆట ముగిసేదాకా దాన్ని వదల్లేదు. విరామంలో దాని పక్కనే కూర్చొని తిన్నాను. పొట్లాలు ఇంకెవరైనా పంచుకోనీ అన్నాను. పరిచేముందు తడమమని మా ఆయన చెప్పాడు, పరిచాక కాపలా ఉండాలని నేను నేర్చుకున్నాను. ఇంకొకటి. ఆ రోజు మ్యాట్ ఎత్తకుండా ఉండాల్సిందని నేను అనను. నా ఉద్యోగం, నా పిల్లల కూడు దాని మీదే ఉన్నాయి. ఇప్పుడైనా ఎత్తుతాను. కానీ ముందు ఆ తండ్రిని లారీలోంచి నీళ్ళు తెమ్మని పంపి, అప్పుడు ఎత్తుతాను.

ఇంతే సుజాతా. ఏదీ, మీ మామ మాట కాణ్ణించి ఒకసారి సదివి ఇనిపీ. నిమ్మచెక్క కాడ మాత్రం మెల్లగా సదువు.