రేటు ఎటు పోవాలి?

అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ళందరికీ ఒక అలవాటుంది. పళ్ళయినా తోముకోకముందే ఫోన్లో డాలర్ రేటు చూస్తాం. డాలరుకు రూపాయలు ఎక్కువొస్తే ఆ పూట కాఫీ కూడా రుచిగా ఉంటుంది. మా వాట్సాప్ గ్రూపులో "ఇవాళ పంపకండి, ఇంకా పెరుగుతుంది" అని సలహాలిచ్చేది నేనే. చేసేదేమో మందుల కంపెనీలో ఉద్యోగం! గుంటూరు పక్కన స్థలం కొందామని దాచిన డాలర్లు పంపకుండా నేనూ అలాగే కూర్చున్నాను.

అప్పుడే తెనాలి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి అక్కడ చిన్న రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. విదేశం నుంచి ఓ మెషిన్ తెప్పించుకుంటున్నాడు. అడ్వాన్స్ ఇచ్చేశాడు, మిగతాది డాలర్లలో కట్టాలి. వాడి లోనేమో రూపాయల్లో. రూపాయి ఇంకా పడిపోతే లోను చాలదు. గడువులోగా కట్టకపోతే మెషినూ రాదు, అడ్వాన్సూ రాదు.

"ఇవాళ్టి రేటుకి బొటాబొటిగా సరిపోద్దక్కా. కట్టేసేదా, ఆగేదా? అమెరికాలో ఉన్నావు, నీకు తెలుసుద్దిగా."

"ఆగరా. నోట్లు అచ్చేసే మన పెద్ద బ్యాంకు చూస్తూ ఊరుకుంటుందా? డాలర్ని దించేస్తుంది" అన్నాను ధీమాగా.

ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచాను. "ఆగండి, డాలర్ ఇంకా పెరుగుతుంది" అని రాసి పంపేశాక తమ్ముడికి చెప్పింది గుర్తొచ్చింది. నా మొహం మండ! ఒక్క నిమిషంలో రెండు జోస్యాలు. ఏది నమ్మి చెప్పానో నాకే తెలియదు. తమ్ముడి కోసం దిగాలి, స్థలం కోసం పెరగాలి. దేవుడికి దణ్ణం పెట్టుకుందామన్నా ఏమని మొక్కుకోను?

శనివారం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చింది. ఎకనామిక్స్ చదువుతోంది కదా అని అడిగాను, మన కేంద్ర బ్యాంకు ఇంతకీ ఎవరి పక్షమే అని.

"ఎవరి సైడూ కాదమ్మా. ఇక్కడి బ్యాంక్ డాలర్స్ ప్రింట్ చేసుకుంటుంది. ఇండియా ఆయిల్ కొనాలంటే కూడా డాలర్స్ కావాలి. అందుకే అక్కడి బ్యాంక్ వాళ్ళు సేవ్ చేసి పెట్టుకుంటారు. రూపీ మరీ ఫాస్ట్‌గా పడితే కొన్ని సెల్ చేస్తారు. లేకపోతే అన్నీ కాస్ట్లీ అయిపోతాయి."

"అయితే పడకుండా ఆపుతారన్నమాట."

"ఆపరు. స్లో చేస్తారు."

"ఎంత స్లో?"

"డిపెండ్స్."

ఇంత ఫీజు కట్టింది ఈ ముక్క కోసమా అని ఒళ్ళు మండింది. నాకు మొదట అర్థమైంది కూడా పోయింది.

తర్వాతి వారం ఓ పొద్దున తమ్ముడు వీడియో కాల్‌ చేశాడు. వాడికది సాయంత్రం. మెషిన్ కోసం ఖాళీ చేసిన బల్ల చూపిస్తున్నాడు. ఇంతలో ఫోన్ మీద రేటు మెసేజ్ వచ్చింది.

"అబ్బ! డాలర్ ఎగిరిందిరోయ్!" అన్నాను. అలవాటైన నోరు, ఆగలేదు.

వాడు ఆ ఖాళీ బల్లని చేత్తో తుడిచాడు. "నీకు మంచిదేగా అక్కా" అన్నాడు. ఎత్తిపొడుపైనా బాగుండేది. నిజంగానే అన్నాడు.

"నువ్వు కట్టేశావుగా?" అన్నాను.

"ఆగమన్నావుగా."

ఆ పూటే, లోటు పూడ్చుకోమని స్థలం డాలర్లన్నీ వాడికి పంపేశాను. పెరిగిన రేటు వల్ల నావి ఎక్కువ రూపాయలయ్యాయి. అదే రేటు వల్ల వాడికి ఎక్కువ రూపాయలు కావాల్సి వచ్చింది. మెషిన్ మటుకు ఓడెక్కింది. ఇందులో లాభపడ్డామో నష్టపోయామో ఇప్పటికీ లెక్క తేలలేదు. మర్నాడు లేవగానే చెయ్యి ఫోన్ మీదికి పోయింది. పెరిగితే సంతోషించాలో ఏడవాలో తెలియక, చూడకుండానే వెళ్ళి పళ్ళు తోముకున్నాను.