ఇంజనుకు అవతలి వైపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు నవ్వొచ్చేది. ఇంజను ఆగితే దానికో కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది. నేను నమ్మింది అంతే. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఇంకో సంగతి కూడా ఉంది. ఇది చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి.

పంతొమ్మిదివందల యాభైలలో ఎమ్మిగనూరు, ఆదోని మధ్య తిరిగే ఒక ప్రైవేటు బస్సుకు నేను డ్రైవర్ని. పని నేర్పింది మెకానిక్ హుసేన్ సాబు. అందరం ఉస్తాద్ అనేవాళ్లం.

డీజిల్ డ్రమ్ముల్లో వచ్చేది, నలకలు ఎక్కువ. ఫిల్టరు గుడ్డ తరచూ మార్చాలి. మార్చినప్పుడల్లా లోపల చేరిన గాలిని తీసెయ్యాలి. ఆ బస్సుకు ఇంజను మూత రెండు రెక్కల్లా లేచేది. ఒక వైపు చేతి పంపు లివరు, రెండో వైపు ఫిల్టరు మీద గాలి స్క్రూ. ఒకరు లివరు కొడుతుంటే ఇంకొకరు స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి డీజిల్ తేటగా వచ్చాక బిగించాలి. ఒకరికొకరు కనపడరు.

ఉస్తాద్ మూడుసార్లు కొట్టి, కాస్త ఆగి, మళ్లీ మూడుసార్లు కొట్టేవాడు. లోపల ఇంకా గాలి ఉందో లేదో లివరు పట్టును బట్టే ఆయనకు తెలిసేది. నేను తొందరపడి బిగిస్తే రేకు మీద రెండుసార్లు తట్టేవాడు.

ఒకసారి ఫిల్టరు మారుస్తూ రాగి వాషరు పోగొట్టాను. ఆదోనిలో దూదికేం కొదవ? జిన్నింగు మిల్లు గోడ పక్కన ఇంత దూది ఏరి, పేని, వాషరు బదులు చుట్టి బిగించాను. దారిలో అక్కడి నుంచే గాలి పీల్చింది. ఆ రోజు పెళ్లివాళ్లు మాట్లాడుకున్న మా బస్సు ముహూర్తం దాటేదాకా ఎండలో నిలబడిపోయింది.

యజమాని అడిగితే, "ఉస్తాద్ బిగించినాడు" అన్నాను.

ఉస్తాద్ అక్కడే ఉన్నాడు. నా వైపు ఒక్కసారి చూసి, స్పానర్ల సంచి తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఏ బస్సువాళ్లూ ఆయన్ను పనికి పిలవలేదు. మరుసటి వేసవిలో చనిపోయాడు. పూడ్చేటప్పుడు మట్టి వెయ్యడానికి కూడా నేను పోలేదు.

అదే ఏడు, వానలకు ముందు, ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరులో కాన్పు కష్టమైన ఒక అమ్మాయిని బస్సెక్కించారు. పక్కన ఆమె తల్లి. మంత్రసాని తనవల్ల కాదనేసింది. త్వరగా ఆదోని ఆసుపత్రికి చేర్చాలి. సగం దారిలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

ఫిల్టరు విప్పితే గుడ్డ నల్లటి జిగురుతో మూసుకుపోయి ఉంది. కొత్తది వేశాను, వాషరు సరిగా పెట్టాను. మిగతా ప్రయాణికులు దూరంగా తుమ్మచెట్ల నీడకు పోయారు.

"ఈరన్నా, ఆ పక్కకు పోయి లివరు కొట్టు" అని కండక్టరుకు కేక వేసి, ఇంజనులోకి తల దూర్చాను.

లివరు చప్పుడు మొదలైంది. స్క్రూ దగ్గర నురగ పొంగింది. "ఇంగా కొట్టప్పా, గాలి వస్తాంది" అన్నాను. లోపల ఆ అమ్మాయి కేకలు. బుడగలు తగ్గినట్టు అనిపించగానే స్క్రూ బిగించేశాను.

అవతలి రేకు మీద రెండుసార్లు తట్టిన చప్పుడు.

చెయ్యి దానంతట అదే స్క్రూ వదులు చేసింది. గుప్పున బుడగలు వచ్చాయి. లివరు మళ్లీ కదిలింది. మూడుసార్లు. ఆగింది. మూడుసార్లు. ఈరన్న అలా కొట్టడు. డీజిల్ తేటగా కారింది. బిగించాను. చప్పుడు ఆగిపోయింది.

చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాను. ఎవరూ లేరు. చేనుకు అడ్డంపడి బిందెతో వస్తున్నాడు ఈరన్న.

"ఆ యమ్మ నీళ్లడిగితే బాయికి పోయింటి. చెప్పే పోతిని గదప్పా, ఇనలేదా?" అని ఇంజను వైపు చూశాడు. "ఒక్కడివే గాలి తీసినావా? నాలుగు చేతులుండాయేమి నీకు?"

లివరు వైపు కిటికీలోంచి ఆ అమ్మాయి తల్లి తొంగిచూసింది. "ఇంతసేపు ఎవురితో మాట్లాడతాంటివి నాయనా? ఈ పక్క ఎవురూ లేరే."

పోయి నా సీట్లో కూర్చున్నాను. సెల్ఫు కొడితే ఇంజను వెంటనే అందుకుంది. ఆసుపత్రిలో తల్లీ బిడ్డా బతికారు.

ఆ సాయంత్రమే ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. ఆయన భార్య గడప దగ్గర బియ్యం ఏరుతోంది. దూది సంగతి, అబద్ధం సంగతి చెప్పాను. బస్సు దగ్గర జరిగింది మాత్రం చెప్పలేదు.

ఆమె చేట మీది నుంచి తల ఎత్తలేదు. "తెలుసు బేటా. ఆ పొద్దే చెప్పినాడు. నీ మీద కోపం లేదు ఆయనకు. వాడు ఒక్కడే అయిపోయినాడు, ఇంక అవతల లివరు ఎవరు కొడతారు వానికి అని, పోయేదాకా అదే మాట."

మర్నాడు షెడ్డులో అందరి ముందూ యజమానికి నిజం చెప్పాను. అందరూ ఎవరి పనిలోకి వాళ్లు పోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఎండకు రేకు చప్పుడు చేసిందేమో, కంగారులో నేనే అటూ ఇటూ తిరిగి మరిచిపోయానేమో అని ఎన్నోసార్లు అనుకున్నాను. కానీ ఆ తట్టు తర్వాతే గదా బుడగలు వచ్చింది.

బండి మానేసేదాకా, స్క్రూ బిగించిన ప్రతిసారీ ఒక్క క్షణం చెవి రిక్కించి ఆగేవాణ్ణి. మళ్లీ ఎప్పుడూ ఎవరూ తట్టలేదు.