ఫ్రీజర్‌లో ఇంజిన్ ఆయిల్

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు లౌటోకా ఊళ్లో మేం మొదటి ఫ్రిజ్ కొన్నాం. చేపలు దాచుకోవచ్చని నేను సంబరపడ్డాను. ఇంతలో రేవులో ఓ ఓడవాడు మా ఆయనకు బండిలో పోసుకోమని సింథటిక్ ఇంజిన్ ఆయిల్ డబ్బా అంటగట్టాడు. మంచు దేశాల్లో కూడా చిక్కబడదట! అది తేల్చడానికి ఈయన నా పచ్చడి సీసాలు రెండు ఖాళీ చేసి, ఒకదాంట్లో ఆ ఆయిల్, రెండోదాంట్లో మామూలు ఆయిల్ పోసి, రాత్రి ఫ్రీజర్‌లో పెట్టారు. చోటు కోసం తీసిన చేపల్ని వంటింటి గట్టు మీదే వదిలేశారు. ఆ సంగతి నాకు తెల్లారాక వాసనే చెప్పింది.

అప్పటికే రోజూ కలిసి యంగోనా వేరు కషాయం తాగే జట్టునంతా వాకిట్లో కూర్చోబెట్టి, సీసాలు వంచి చూపిస్తున్నారు. మామూలు ఆయిల్ ముదురు పాకంలా కదల్లేదు. సింథటిక్ చక్కగా జారింది.

"దేఖో! ఎంత ఠండా ఉన్నా బండి ఫట్‌మని స్టార్ట్ అవుతాది!" అన్నారు, చెమట తుడుచుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఈ ఊళ్లో అంత ఠండా నా ఫ్రీజర్‌లోనే ఉంది. బండి కూడా అందులోనే పెట్టుకోండి!"

ఆయన ఫ్రిజ్ వైపు, బండి వైపు మార్చి మార్చి చూశారు. కొలతలు చూస్తున్నారేమోనని నాకు నిజంగానే భయమేసింది.